సమాంతర చతుర్భుజంలో కోణాలు: జవాబుతో పాటు కారణం కూడా అచ్చువేయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

దినపత్రికల విద్యా పేజీల్లో హైస్కూలు పిల్లల కోసం వేసే నమూనా ప్రశ్నల్లో సమాంతర చతుర్భుజం లెక్క తరచూ కనిపిస్తుంది. ఒక కోణం 72° అని ఇచ్చి, మిగతా మూడూ కనుక్కోమంటారు. కింద జవాబు ఉంటుంది: 108°, 72°, 108°. అందులో తప్పేమీ లేదు. కానీ పక్క కోణం 108 ఎందుకైంది, ఎదుటి కోణం మళ్లీ 72 ఎందుకైంది అన్నదానికి ఒక్క ముక్క కూడా ఉండదు. హైస్కూళ్లలో గణితం చెప్పేవాళ్లం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఈ లెక్కలో పిల్లలు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క ముక్క తెలియక చేసేవే. పల్లెటూళ్లలో చాలామంది పిల్లలకు పాఠ్యపుస్తకం తర్వాత చేతికందేది మీ పేజీయే కాబట్టి ఈ విషయం కాస్త వివరంగా మీ ముందు పెడుతున్నాం.

'ఎదుటి కోణాలు సమానం, పక్క కోణాల మొత్తం 180°' అని రెండు సూత్రాలుగా బట్టీ పట్టిస్తున్నారు. నెల తిరిగేసరికి ఏవి సమానమో, ఏవి కలిపితే 180 వస్తుందో తారుమారైపోతుంది. నిజానికి గుర్తుంచుకోవలసింది ఒక్కటే, అదీ ఏడో తరగతిలో చదివినదే. రెండు సమాంతర రేఖల్ని ఒక తిర్యగ్రేఖ ఖండిస్తే, దానికి ఒకే వైపున ఉన్న అంతర కోణాల మొత్తం 180°. ఎబిసిడి సమాంతర చతుర్భుజాన్ని తీసుకోండి. ఎబి, డిసి సమాంతరాలు, ఎడి వాటిని ఖండించే తిర్యగ్రేఖ. కాబట్టి ఎ, డి కోణాలు కలిస్తే 180°. ఎడి, బిసి కూడా సమాంతరాలే, వాటికి ఎబి తిర్యగ్రేఖ. కాబట్టి ఎ, బి కోణాలు కలిస్తే 180°. ఇక బి అయినా డి అయినా 180 లోంచి ఎ ని తీసేయగా మిగిలినదే కనుక ఆ రెండూ సమానం. ఇదే పద్ధతిలో ఎ, సి సమానమవుతాయి. ఇది నాలుగు వాక్యాల పని. మొదటి సూత్రం రెండోదాని నుంచే పుట్టిందని చూసిన పిల్లవాడికి రెండూ తారుమారయ్యే అవకాశం లేదు.

ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకం 34వ ప్రతిపాదనలో కర్ణం (ఎదుటి మూలలను కలిపే గీత) గీసి, సర్వసమాన త్రిభుజాలతో ఈ ఫలితం సాధించాడు. ఎదుటి భుజాలు కూడా సమానమని అక్కడే చూపాలి కనుక ఆయనకు ఆ త్రిభుజాలు కావలసి వచ్చాయి. కోణాల మాట ఒక్కటే అయితే కర్ణం అక్కర్లేదు, 29వ ప్రతిపాదనలోని ఒకే వైపు అంతర కోణాల మాట చాలు. మన తరగతుల్లో చాలాచోట్ల కర్ణంతోనే మొదలుపెడతారు. దానితో సర్వసమానత్వం ఇంకా సరిగా పట్టుబడని పిల్లలు కోణాల దగ్గర కూడా ఆగిపోతారు.

తప్పు చాలాసార్లు లెక్క మొదలు కాకముందే, బొమ్మ గీసేటప్పుడే జరుగుతుంది. ప్రశ్నలో బొమ్మ ఇవ్వకపోతే పిల్లలు పైన ఎడమ నుంచి కుడికి ఎ, బి అని, కింద మళ్లీ ఎడమ నుంచి కుడికి సి, డి అని రాస్తారు. పుస్తకం చదివే వరస అది. అప్పుడు ఎ కి ఎదుటి మూలలో సి బదులు డి వచ్చి కూర్చుంటుంది, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా చేసినా జవాబు తప్పే. శీర్షాల పేర్లు చుట్టూ తిరుగుతున్నట్టు రాయాలి: ఎ నుంచి భుజం వెంట నడిస్తే బి, అక్కణ్నుంచి సి, తర్వాత డి, మళ్లీ ఎ. ఈ అలవాటు పడితే బొమ్మ లేకుండా పేరును బట్టే చెప్పొచ్చు. పేరులో పక్కపక్కన ఉన్న అక్షరాలు ఆసన్న కోణాలు, అంటే పక్క కోణాలు, ఒకదాన్ని దాటి వచ్చేది ఎదుటి కోణం. పిక్యూఆర్ఎస్ అంటే పి కి ఎదురు ఆర్, క్యూ కి ఎదురు ఎస్.

బీజగణితంతో కలిపి ఇచ్చే లెక్కల్లో తెలియని రాశిని ఇక్కడ 'య' అనుకుందాం. ఎదుటి కోణాలు 3య + 10, 5య − 30 అని ఇచ్చారు. సమానం కనుక 3య + 10 = 5య − 30, అంటే య = 20. చాలామంది ఇక్కడ పెన్ను కింద పెట్టేస్తారు. అడిగింది కోణం, య కాదు. విలువ ప్రతిక్షేపిస్తే 70°, 70°, మిగతావి 110° చొప్పున. పొరపాటున ఆ రెంటినీ కలిపి 180 కి సమానం చేసినవాడికి య = 25 వస్తుంది, కోణాలు 85°, 95° అవుతాయి. రెండు ఎదుటి కోణాలు వేరువేరుగా వచ్చాయంటే ఎక్కడో దారి తప్పామని అక్కడే తెలియాలి. ఆసన్న కోణాలు 2య + 15, 3య − 10 అయితే 5య + 5 = 180, య = 35, కోణాలు 85°, 95°. వీటిని సమానం అనుకున్నవాడికి య = 25, రెండు కోణాలూ 65° వస్తాయి. పక్కపక్క కోణాలు కలిపితే 130 మాత్రమే. ఇలా సరిచూడడానికి అర నిమిషం పట్టదు. అయినా అచ్చయ్యే జవాబుల్లో సరిచూసిన వరస ఒక్కటీ కనిపించదు.

నిష్పత్తి లెక్కల్లో ఒక్కటే చిక్కు. ఆసన్న కోణాలు 4:5 నిష్పత్తిలో ఉన్నాయంటే 180 ని 9 భాగాలు చేయాలి. అప్పుడు 80°, 100° వస్తాయి. చతుర్భుజం అనగానే 360 గుర్తొచ్చి దాన్ని 9 తో భాగించేవారికి 160°, 200° వస్తాయి. సమాంతర చతుర్భుజంలో ఏ కోణమూ 180 దాటదు కనుక ఈ తప్పు తనంతట తానే బయటపడుతుంది.

ఇక్కడ ప్రశ్నలు తయారుచేసేవారికీ ఒక మాట చెప్పాలి. 'ఒక సమాంతర చతుర్భుజంలో ఒక కోణం మరో కోణానికి మూడు రెట్ల కంటే 20° తక్కువ. కోణాలు కనుక్కోండి' అనే తరహా ప్రశ్నలు ఎక్కువగా వస్తుంటాయి. తయారుచేసినవారి మనసులో ఆ రెండూ ఆసన్న కోణాలు. య + 3య − 20 = 180 కనుక 50°, 130°. కానీ ప్రశ్నలో ఆసన్న అనే మాట లేదు. ఎదుటి కోణాలని తీసుకున్న పిల్లవాడు 3య − 20 = య అని రాసి య = 10 తెస్తాడు, కోణాలు 10°, 170°. సరిచూడండి: 10 కి మూడు రెట్లు 30, అందులోంచి 20 పోతే 10. అంటే ఆ జవాబు కూడా ఒప్పే. జవాబుల పట్టీలో 50, 130 మాత్రమే చూసి, సరిగా ఆలోచించిన పిల్లవాడు తనదే తప్పనుకుంటాడు. 'అతి పెద్ద కోణం, అతి చిన్న కోణానికి' అని రాసినా, 'ఆసన్న కోణాల్లో ఒకటి' అని చేర్చినా రెండో అర్థానికి తావుండదు.

తెలుగులోనే ఉన్న మరో ఇబ్బంది 'మూడు రెట్లు ఎక్కువ' అనే వాడుక. బి కోణం ఎ కన్నా మూడు రెట్లు ఎక్కువ అంటే కొందరు బి = 3ఎ అంటారు, కొందరు ఎ కి మూడు ఎ లు కలిపి బి = 4ఎ అంటారు. మొదటి అర్థంలో 45°, 135°. రెండో అర్థంలో 36°, 144°. రెండూ పూర్ణాంకాలే కావడంతో తేడా వచ్చిందని అనుమానం కూడా రాదు. 'మూడు రెట్లు' అని ఊరుకుంటే సరిపోతుంది, 'ఎక్కువ' అనే మాట తీసేయాలి.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పోయేది కర్ణం దగ్గర. ఎ కోణం 70°, ఎసి కర్ణం గీశారు. వెంటనే 35, 35 అని రాసేస్తారు. కర్ణం కోణాన్ని సగం చేస్తుందన్నది సమచతుర్భుజంలో, చతురస్రంలో మాత్రమే నిజం, ఎందుకంటే అక్కడ నాలుగు భుజాలూ సమానం. మామూలు సమాంతర చతుర్భుజంలో కర్ణం పొడవైన భుజం వైపు వాలుతుంది. ఎబి 8 సెం.మీ., ఎడి 5 సెం.మీ., ఎ కోణం 70° తీసుకుని గీయండి. ఎబి వైపు సుమారు 26°, ఎడి వైపు సుమారు 44° వస్తాయి. కారణం చెప్పడం కూడా కష్టం కాదు. ఎబిసి త్రిభుజంలో ఎబి 8, బిసి 5. త్రిభుజంలో చిన్న భుజానికి ఎదురుగా చిన్న కోణం ఉంటుంది. బిసి కి ఎదురుగా ఉన్నది బిఎసి కోణం, ఎబి కి ఎదురుగా ఉన్నది డిఎసి కి సమానమైన బిసిఎ కోణం, కాబట్టి బిఎసి యే చిన్నది. 'సమాంతర', 'సమచతుర్భుజం' అనే పేర్లలో ఉన్న 'సమ' కూడా పిల్లల్ని తికమక పెడుతుంది. అన్నీ సమానమేనన్న ధ్యాసలోకి జారిపోతారు. ఒక కాగితపు సమాంతర చతుర్భుజాన్ని కర్ణం వెంట మడిచి చూపిస్తే రెండు సగాలు ఒకదానిపై ఒకటి కూర్చోవని కళ్లారా కనిపిస్తుంది. అదే కాగితాన్ని మరో కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి, కర్ణం మధ్యబిందువు దగ్గర గుండుసూది గుచ్చి సగం చుట్టు తిప్పితే గీసిన గీతల్లోకి అతికినట్టు సరిపోతుంది. ఎ వెళ్లి సి మీద, బి వెళ్లి డి మీద పడతాయి. ఎదుటి కోణాలు సమానమని చూపడానికి ఇంతకన్నా చవకైన బోధనోపకరణం లేదు.

కర్ణం గీసినప్పుడు ఖాయంగా దొరికేవి ఏకాంతర కోణాలు. ఎడి, బిసి సమాంతరాలు కనుక డిఎసి కోణం, బిసిఎ కోణం సమానం. ఎబి, డిసి సమాంతరాలు కనుక బిఎసి, డిసిఎ సమానం. ఏ జత సమానమో మరిచిపోతే ఆంగ్లాక్షరం జడ్ ఆకారం వెతకమనండి, దాని రెండు మూలల్లో ఉన్నవే ఆ జత. ఈ పట్టుతో చేసే లెక్క ఒకటి: కర్ణాలు 'ఓ' అనే బిందువు దగ్గర ఖండించుకున్నాయి. డిఎసి 28°, ఎఓబి 75°. డిబిసి ఎంత? బిసిఓ కోణం డిఎసి కి ఏకాంతరం కనుక 28°. ఎఓబి కోణం బిఓసి త్రిభుజానికి బాహ్యకోణం. బాహ్యకోణం రెండు అంతరాభిముఖ కోణాల మొత్తం కనుక 75 = 28 + ఓబిసి. జవాబు 47°. ఇంతవరకు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు చేయగలరు. దీనికే 'అన్ని కోణాలూ కనుక్కోండి' అని తోక తగిలిస్తే మాత్రం అన్యాయం. బిఎసి కోణం ఈ సంఖ్యలను కూడి తీసివేస్తే రాదు, త్రికోణమితి కావాలి, విలువ సుమారు 36.6°. ఎబి భుజాన్ని ముందుకు పొడిగించి బాహ్యకోణం ఇచ్చే లెక్కలు, ఆసన్న కోణాల సమద్విఖండన రేఖలు 90° తో ఖండించుకుంటాయని చూపే లెక్కలు దీని ముందు సులువు. రెండో దానిలో ఎ, బి లు కలిస్తే 180 కనుక వాటి సగాలు కలిస్తే 90, త్రిభుజంలో మిగిలేది 90.

బొమ్మల సంగతి విడిగా చెప్పాల్సిందే. కోణం 70° అని రాసి 45° లా కనిపించే బొమ్మ వేయడం పత్రికల్లో మామూలైపోయింది. అంతకన్నా నష్టం చేసేది ఎ దగ్గర అధిక కోణం కనిపిస్తుండగా అక్కడ 70° అని అచ్చువేయడం. కోణమానితో కొలిచే పిల్లల్ని ఇది మరీ దెబ్బతీస్తుంది. కోణమానిపై రెండు వరసల అంకెలు ఉంటాయి, తప్పు వరస చదివితే 70 బదులు 110 వస్తుంది. త్రిభుజంలో ఇలాంటి తప్పు మొత్తం సరిచూసినప్పుడు దొరికిపోతుంది. సమాంతర చతుర్భుజంలో దొరకదు. నాలుగు కోణాలనూ తప్పు వరసలోనే చదివితే 70 లు 110 లు అవుతాయి, 110 లు 70 లు అవుతాయి. పక్కవి కలిపితే 180, నాలుగూ కలిపితే 360, ఎదుటివి సమానం. అన్ని పరీక్షలూ నెగ్గుతాయి కానీ జవాబు తప్పు. దీన్ని పట్టుకునేది కన్ను ఒక్కటే. కొలవకముందే ఇది 90 కన్నా తక్కువా ఎక్కువా అని చూసి పక్కన రాసుకోవాలి. మరో పొరపాటు కోణమాని అడుగు అంచును భుజం మీద పెట్టడం. చాలా కోణమానులలో సున్నా గీత అంచుకు కొన్ని మిల్లీమీటర్లు పైన ఉంటుంది. భుజం మీద పెట్టాల్సింది ఆ గీతను, శీర్షం మీద ఉండాల్సింది దాని మధ్యబిందువును.

తిరుగు లెక్కలోనూ మోసం ఉంది. ఒక చతుర్భుజంలో ఎ, డి కోణాల మొత్తం 180 అని తెలిస్తే ఎబి, డిసి సమాంతరాలని మాత్రమే తేలుతుంది. ఎ 70°, డి 110°, బి 80°, సి 100° అయిన ఆకారం సమలంబ చతుర్భుజం, సమాంతర చతుర్భుజం కాదు. ఒక్క జత ఎదుటి కోణాలు సమానమైతే చాలదు, గాలిపటం ఆకారంలోనూ అలా ఉంటుంది. రెండు జతలూ సమానం కావాలి. తొమ్మిదో తరగతిలో వృత్తాల పాఠం వచ్చాక ఇంకో కలగాపులగం మొదలవుతుంది: చక్రీయ చతుర్భుజంలో, అంటే నాలుగు శీర్షాలూ ఒకే వృత్తం మీద ఉన్నదానిలో, ఎదుటి కోణాల మొత్తం 180°. దాన్ని తెచ్చి సమాంతర చతుర్భుజానికి తగిలిస్తారు. రెండు నియమాలూ ఒకేసారి నిజం కావాలంటే ఎ = సి, ఎ + సి = 180, అంటే ఎ 90°. వృత్తంలో ఇమిడే సమాంతర చతుర్భుజం దీర్ఘచతురస్రమే. ఈ రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చెప్పే లెక్క ఒకటి మీ పేజీలో వేస్తే ఎంతో మేలు.

ఈ కోణాలు పుస్తకంలోనే ఉండిపోయేవి కావు. వడ్రంగి ద్వారబంధం బిగించేటప్పుడు, తెలంగాణలో దర్వాజా అంటారు, ఎదురెదురు చెక్కలు సమానంగా ఉన్నంత మాత్రాన ఊరుకోడు. మూలల్లో మూలమట్టం పెట్టి చూస్తాడు, రెండు కర్ణాలనూ టేపుతో కొలుస్తాడు. ఎదుటి భుజాలు సమానమైతే వచ్చేది సమాంతర చతుర్భుజమే గానీ దీర్ఘచతురస్రమన్న హామీ లేదు. 210 సెం.మీ. ఎత్తు, 90 సెం.మీ. వెడల్పు ఉన్న బంధం 2° ఒరిగి ఒక మూల 88° అయితే, దాని ఎదుటి మూల కూడా 88°, మిగతా రెండు 92°. కంటికి దాదాపు ఏమీ కనిపించదు. కర్ణాలు కొలిస్తే ఒకటి 231 సెం.మీ. పైచిలుకు, రెండోది 225.6 సెం.మీ. దగ్గర ఉంటాయి, తేడా దాదాపు 6 సెం.మీ. తలుపు పట్టకపోవడానికి అది చాలు. ఒక్క మూలను 90° కి తెస్తే మిగతా మూడూ వాటంతటవే 90° అవుతాయి. పిల్లలు బట్టీ పడుతున్న సూత్రం పనిలోకి వచ్చేది అక్కడే. సరిచేశాక మళ్లీ కదలకుండా మూలకు అడ్డంగా ఒక చెక్క కొట్టి ఉంచుతారు. త్రిభుజం ఏర్పడింది కనుక ఇక కోణం మారదు. దుకాణాల ముందు ఉండే మడత ఇనుప గేటులో ఇందుకు భిన్నంగా కోణాలు మారడమే పని. అడ్డదిడ్డంగా బిగించిన పట్టీల మధ్య వరసగా సమచతుర్భుజాలు ఉంటాయి. గేటు లాగుతున్నకొద్దీ పై కోణం పెరుగుతుంది, పక్క కోణం అంతే తగ్గుతుంది. ఒకటి 40 నుంచి 100 కి వెళ్తే రెండోది 140 నుంచి 80 కి వస్తుంది. నాలుగు చీపురుపుల్లలు, మూలల్లో సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు ఉంటే ఇదే విషయం తరగతిలో చూపొచ్చు. పుల్లలు 12, 8, 12, 8 సెం.మీ. పెడితే మరీ మంచిది, కర్ణం వెంట దారం కట్టి అది కోణాన్ని సగం చేయడం లేదని కూడా అదే నమూనాతో చూపొచ్చు.

మీ పేజీ సిద్ధం చేసేవారికి మా విన్నపం పెద్దదేమీ కాదు. ప్రతి కోణం పక్కన కారణం కూడా వేయండి: 'ఎబి, డిసి సమాంతరాలు, ఎడి తిర్యగ్రేఖ' అంటే అయిదారు మాటలు. చోటు చాలదంటే రోజుకు పది లెక్కల బదులు ఆరు వేయండి. జవాబు చివర సరిచూసిన ఒక వరస ఉంచండి. బొమ్మను కంప్యూటర్లో గీసేటప్పుడు ఇచ్చిన కొలతతోనే గీయించండి, కనీసం లఘుకోణం ఉన్నచోట లఘుకోణమే కనిపించాలి. శీర్షాల పేర్లు చుట్టూ వరసలో ఉన్నాయో లేదో అచ్చుకు ముందు ఒకసారి వేలుపెట్టి చూడమనండి. ప్రశ్నకు రెండు జవాబులు వస్తాయేమో సరిచూసే పని గణితం ఉపాధ్యాయుడు ఒకరికి అప్పగించండి. పైన చెప్పిన 50, 130 లెక్కలాంటివి ఇదివరకే అచ్చయి ఉంటే 10, 170 కూడా ఒప్పేనని సవరణ వేయండి. ఆ జవాబు రాసిన పిల్లలకు తాము సరిగానే చేశామని తెలియాలి.

ఇట్లు,
హైస్కూలు గణితం ఉపాధ్యాయులు కొందరు